క్యూజీఐఎస్ రివ్యూ: సాఫ్ట్‌వేర్ ఉచితమే, ఖర్చంతా అడ్రసుల మీదే

ఇంగ్లాండ్‌లో ఉత్తరం వైపు ఒక హౌసింగ్ అసోసియేషన్‌లో డేటా పని చేస్తున్నాను. నా కంప్యూటర్‌లో పొద్దున్న తెరిస్తే సాయంత్రం దాకా తెరిచే ఉండేది క్యూజీఐఎస్. మ్యాపులు గీయడానికి, మ్యాపు మీద లెక్కలు కట్టడానికి వాడే సాఫ్ట్‌వేర్ ఇది. ఓపెన్ సోర్స్, పైసా కట్టక్కర్లేదు. ఐదుకి నాలుగున్నర ఇస్తాను. ఆ అర ఎందుకు తగ్గించానో కింద రాస్తాను గానీ ముందు అసలు మాట చెప్పేస్తా. ప్రభుత్వం ఏదో ఒక రూలు మార్చినప్పుడు "మన ఇళ్లలో ఎవరికి, ఏ వీధిలో, ఎప్పటినుంచి దెబ్బ తగులుతుంది" అనే ప్రశ్నకి వారం తిరక్కుండా జవాబు చెప్పగలిగే సంస్థ తన టెనెంట్లని కాపాడుకుంటుంది, చెప్పలేని సంస్థ అద్దె బాకీలు పెరిగాక ఉత్తరాలు పంపుతుంది. ఆ జవాబు చెప్పించే సత్తా క్యూజీఐఎస్‌కి ఉంది, కాకపోతే మీ అడ్రసుల జాబితా శుభ్రంగా ఉంటేనే. సంస్థలు సాఫ్ట్‌వేర్ లైసెన్సుల మీద పోసే డబ్బులో కొంతైనా ఆ జాబితా మీద పెడితే చాలా మేలు.

మన తెలుగువాళ్లలో ఇక్కడికి కొత్తగా వచ్చినవాళ్లకి హౌసింగ్ అసోసియేషన్ అంటే ఏంటో తెలియకపోవచ్చు. స్టూడెంట్ వీసా మీదో వర్క్ వీసా మీదో వచ్చినవాళ్లకి పబ్లిక్ ఫండ్స్ వర్తించవు, కౌన్సిల్ (స్థానిక ప్రభుత్వం) ఇంటి దాకా వెళ్లే అవకాశమే ఉండదు, ప్రైవేటు ఓనర్ల దగ్గరే అద్దెకి దిగుతాం. మార్కెట్ అద్దె కట్టలేనివాళ్లకి తక్కువ అద్దెకి ఇళ్లిచ్చే సంస్థలే ఈ హౌసింగ్ అసోసియేషన్లు, ఎక్కువ భాగం లాభాపేక్ష లేనివి. ఇంగ్లాండ్ మొత్తం మీద సుమారు 40 లక్షల సోషల్ ఇళ్లుంటే అందులో సగానికి పైగా వీటి చేతిలోనే ఉన్నాయి, మిగతావి కౌన్సిళ్లవి. ఇళ్లు సంస్థలవే అయినా అద్దె ఎంత పెంచొచ్చో, టెనెంట్లకి బెనిఫిట్ (ప్రభుత్వం ఇచ్చే సాయం) ఎంత రావాలో, ఇల్లు ఏ స్థితిలో ఉండాలో అన్నీ తేల్చేది ప్రభుత్వమే. 2016 నుంచి నాలుగేళ్లపాటు ఏటా ఒక శాతం అద్దె తగ్గించాలని చట్టమే తెచ్చారు. 2023లో ధరలు మండిపోతుంటే అద్దె పెంపు ఏడు శాతం దాటకూడదన్నారు. లండన్‌లో ఒక బడ్జెట్ ప్రసంగం ముగిసేసరికి ఇక్కడ మా లెక్కలన్నీ మళ్లీ మొదటికి వస్తాయి.

మ్యాపు విలువ నాకు బాగా తెలిసొచ్చింది 2013లో. ఆ ఏడాది ఏప్రిల్ 1 నుంచి, పనిచేసే వయసులో ఉండి హౌసింగ్ బెనిఫిట్ తీసుకునే సోషల్ టెనెంట్లకి, ఇంట్లో ఒక బెడ్‌రూమ్ ఎక్కువుంటే బెనిఫిట్‌కి లెక్కగట్టే అద్దెలో 14 శాతం, రెండు లేదా అంతకన్నా ఎక్కువుంటే 25 శాతం కోత పెట్టారు. బెడ్‌రూమ్ ట్యాక్స్ అంటే ఇక్కడ ఇప్పటికీ అందరికీ గుర్తే. పదేళ్లలోపు పిల్లలు ఇద్దరుంటే ఆడా మగా తేడా లేకుండా ఒకే గది, పదహారేళ్లలోపు ఇద్దరూ మగపిల్లలైనా ఇద్దరూ ఆడపిల్లలైనా ఒకే గది. ఈ లెక్కలో గది ఎక్కువైనవాళ్లు చిన్న ఇంటికి మారిపోతారన్నది ప్రభుత్వం ఆలోచన.

ఈ కుటుంబాల జాబితా తీయడం పెద్ద పనేమీ కాదు, స్ప్రెడ్‌షీట్ చాలు. ఎన్ని కుటుంబాలో తెలిసింది, ఎంత అద్దె బాకీ పడొచ్చో తెలిసింది. మ్యాపు మీద పెట్టాకే అసలు సంగతి బయటపడింది. ఒక లేయర్‌లో (మ్యాపు మీద పరిచే పొరలో) గది ఎక్కువున్న కుటుంబాలు, ఇంకో లేయర్‌లో మా సింగిల్ బెడ్‌రూమ్ ఫ్లాట్లు. ఇక్కడ గనుల ఊళ్లలో, మిల్లుల ఊళ్లలో అప్పట్లో కుటుంబాల కోసం వరసగా మూడు బెడ్‌రూమ్‌ల ఇళ్లు కట్టుకుంటూ పోయారు. సింగిల్ బెడ్‌రూమ్ ఫ్లాట్లు టౌన్ మధ్యలో ఎక్కడో ఒక గుంపుగా ఉన్నాయి, వాటిలోనూ చాలా భాగం వయసు మళ్లినవాళ్లకే ఇచ్చేవి. ఒక్కో కుటుంబానికి దగ్గర్లో ఉన్న చిన్న ఫ్లాట్ ఎంత దూరమో కొలిపిస్తే, కొన్ని ఎస్టేట్లు (ఇళ్ల కాలనీలు) మొత్తానికి మొత్తం రెండు బస్సులు మారే దూరంలో తేలాయి. పిల్లల బడి, అమ్మమ్మ ఇల్లు, రాత్రి షిఫ్టు ఉద్యోగం, అన్నీ ఇటువైపు. చిన్న ఇంటికి మారండి అని చెప్పడానికి ఆ చిన్న ఇల్లే అక్కడ లేదు.

ఆ మ్యాపు బోర్డు మీటింగులో పెట్టాక చర్చ తీరే మారింది. వీళ్లని ఎలా మార్పించాలన్న మాట పక్కకి పోయి, ఉన్నచోటే నిలబడటానికి ఏం చేయాలన్న మాట వచ్చింది. అప్పట్లో కౌన్సిళ్లు ఇచ్చే డిస్క్రీషనరీ హౌసింగ్ పేమెంట్ అనే సాయం ఒకటుండేది. అది కోరుకుంటే వచ్చేది కాదు, ఫారం పెట్టుకోవాల్సి వచ్చేది, ఒక్కో కౌన్సిల్‌ది ఒక్కో ఫారం, ఒక్కో పద్ధతి, మా ఇళ్లేమో పలు కౌన్సిళ్ల పరిధిలో చెల్లాచెదురుగా ఉన్నాయి. కౌన్సిల్ హద్దుల ఫైలు ఆర్డ్‌నెన్స్ సర్వే అనే ప్రభుత్వ మ్యాపుల సంస్థ ఉచితంగా ఇస్తుంది. దాన్ని మా ఇళ్ల చుక్కల కింద పరిచి, ఏ ఇల్లు ఎవరి పరిధిలోకి వస్తుందో తేల్చి, వీధుల వారీగా జాబితాలు చేసి హౌసింగ్ ఆఫీసర్ల చేతికిచ్చాం. వాళ్లు తలుపులు తట్టి, పక్కన కూర్చుని, ఫారాలు నింపించారు. పని చేసింది ఆ మనుషులే. మ్యాపు వాళ్లని ముందు వెళ్లాల్సిన వీధికి ముందు పంపింది, దాని పాత్ర అంతవరకే, కానీ అది చిన్న విషయం కాదు.

ఇక అడ్రసులు. ఈ రివ్యూలో ఎక్కువ చోటు దీనికే ఇస్తున్నాను, ఎందుకంటే మ్యాపింగ్ ప్రాజెక్టులు ఆగిపోయేది ఇక్కడే.

కొత్తగా మొదలుపెట్టే సంస్థలు ముందు పోస్ట్‌కోడ్‌తో మ్యాపు చేస్తాయి. తేలిక, ఉచితం, గంటలో అయిపోతుంది. కానీ బ్రిటన్‌లో ఒక పోస్ట్‌కోడ్ అంటే సగటున 15 అడ్రసులు, ఉచితంగా దొరికే ఫైలులో ఆ అన్నిటికీ కలిపి ఒకటే చుక్క. టవర్ బ్లాక్ అయితే ఫ్లాట్లన్నీ ఒకదాని మీద ఒకటి పడతాయి, వంద ఇళ్లున్న బ్లాకూ, వీధి చివర ఒంటరి ఇల్లూ మ్యాపు మీద ఒకేలా కనిపిస్తాయి. ఒక కంపెనీ మాకు చూపించిన ఖరీదైన డాష్‌బోర్డు సరిగ్గా ఇలాగే ఉంది, బాగా కష్టాల్లో ఉన్న బ్లాకు అందులో ఒక చిన్న చుక్క, చూసేవాళ్ల కళ్లు రంగురంగుల శివారు వీధుల మీదే పడుతున్నాయి. క్యూజీఐఎస్‌లో పాయింట్ డిస్‌ప్లేస్‌మెంట్ అనే స్టైల్ ఉంది, ఒకేచోట పడ్డ చుక్కల్ని గుండ్రంగా చుట్టూ పేర్చి చూపిస్తుంది. ఒక్కసారి అది పెట్టి చూపిస్తే చాలు, మీటింగులో ఉన్నవాళ్లకి విషయం అర్థమైపోతుంది.

అసలు మందు మాత్రం యూపీఆర్‌ఎన్. బ్రిటన్‌లో ప్రతి అడ్రసుకీ ఒక ప్రత్యేకమైన నంబర్ ఉంటుంది, గరిష్ఠంగా 12 అంకెలు, ఇంటి పేరు మారినా వీధి పేరు మారినా ఆ నంబర్ మారదు. 2020 జులైలో ఆర్డ్‌నెన్స్ సర్వే ఈ నంబర్లనీ వాటి స్థానాలనీ ఓపెన్ డేటాగా ఇచ్చేసింది. అందులో నంబరూ, చుక్కా ఉంటాయి, అడ్రసు రాసి ఉండదు. అడ్రసుతో సహా కావాలంటే అడ్రస్‌బేస్ అనే వేరే ప్రొడక్ట్ తీసుకోవాలి. అంటే మీ ఇళ్ల జాబితాలో ప్రతి ఇంటి పక్కనా సరైన యూపీఆర్‌ఎన్ ఒక్కసారి చేర్చుకుంటే, ఆ తర్వాత వచ్చే ఏ పాలసీకైనా, ఏ ప్రభుత్వ డేటాకైనా కలుపుకోవడం నిమిషాల పని. ఇల్లు కరెంటు, గ్యాస్ ఎంత పొదుపుగా వాడుతుందో చెప్పే ఎనర్జీ సర్టిఫికెట్ల డేటా ప్రభుత్వం బయటపెడుతుంది, అందులోనూ ఈ నంబర్ ఉంది. మీ జాబితాలో లేకపోతే "ఫ్లాట్ 2ఏ", "2ఏ ఫ్లాట్", "ఫస్ట్ ఫ్లోర్ ఫ్లాట్, 2" ఈ మూడూ ఒకే ఇల్లా కాదా అని మనిషి కూర్చుని తేల్చాలి. వేలల్లో ఇళ్లున్న సంస్థకి అది ఎంత పనో ఊహించుకోండి.

ఇక్కడే ఒక జాగ్రత్త చెప్పాలి, ఇది ఎన్ని ఆఫీసుల్లో జరుగుతుందో. సీఎస్‌వీ ఫైలుని ఎక్సెల్‌లో డబుల్ క్లిక్ చేసి తెరిస్తే 12 అంకెల యూపీఆర్‌ఎన్ కాస్తా 1.00012ఇ+11 లాంటి రూపంలో కనిపిస్తుంది. చూసేవాళ్లు ఏదో కాలమ్ వెడల్పు సమస్య అనుకుని అలాగే సీఎస్‌వీగా సేవ్ చేసేస్తే, చివరి అంకెలు శాశ్వతంగా పోతాయి, ఒక ఊరి ఇళ్లన్నిటికీ ఒకటే నంబర్ మిగులుతుంది. ఇంకొకటి, కొన్ని సిస్టమ్‌లు నంబర్ ముందు సున్నాలు చేర్చి 12 అంకెలు నింపుతాయి, కొన్ని చేర్చవు, రెండు ఫైళ్లనీ టెక్స్ట్‌గా తెరిచి జాయిన్ చేస్తే కాలమ్ మొత్తం ఖాళీగా వస్తుంది. కాబట్టి యూపీఆర్‌ఎన్‌ని ఎప్పుడూ టెక్స్ట్‌గానే ఉంచండి, సున్నాల విషయం సంస్థ మొత్తానికి ఒకే పద్ధతి పెట్టుకోండి, పెట్టుకున్న పద్ధతి ఎక్కడైనా రాసి ఉంచండి.

అక్షాంశం, రేఖాంశం తారుమారు చేసి లోడ్ చేస్తే మాంచెస్టర్ చుట్టుపక్కల ఇళ్లన్నీ సీషెల్స్ పైన హిందూ మహాసముద్రంలో తేలతాయి, అది వెంటనే కంటపడుతుంది కాబట్టి భయం లేదు. భయపడాల్సింది కంటపడని తేడాకి. బ్రిటిష్ నేషనల్ గ్రిడ్‌లో (బ్రిటన్ మ్యాపులకి వాడే స్థానాల లెక్క) ఉన్న డేటాని జీపీఎస్ లెక్కలోకి మార్చేటప్పుడు ఓఎస్‌టీఎన్15 అనే గ్రిడ్ ఫైలు లేకుండా మారిస్తే చుక్కలు కొన్ని మీటర్లు పక్కకి జరుగుతాయి. గోడకి గోడ ఆనించి వరసగా కట్టిన టెర్రస్ ఇళ్ల వీధిలో కొన్ని మీటర్లంటే పక్కింటివాళ్లు. ఆ ఫైలు మీ కంప్యూటర్‌లో లేకపోతే క్యూజీఐఎస్ పైన ఒక నోటీసు చూపించి దించుకోమంటుంది. దాన్ని మూసేయకుండా దించుకోండి.

బెడ్‌రూమ్ ట్యాక్స్ తర్వాత, హౌసింగ్ బెనిఫిట్‌తో సహా పలు బెనిఫిట్లని ఒకటిగా కలిపిన యూనివర్సల్ క్రెడిట్ వచ్చింది. అంతకుముందు హౌసింగ్ బెనిఫిట్ చాలామందికి నేరుగా ల్యాండ్‌లార్డ్‌కే వెళ్లేది, ఇప్పుడు అద్దె డబ్బు కూడా కలిపి నెలకొకసారి టెనెంట్ ఖాతాలో పడుతుంది, మొదటి డబ్బు చేతికి రావడానికి ఐదు వారాలు పడుతుంది. దీన్ని దేశమంతా ఒకేసారి పెట్టలేదు, జాబ్‌సెంటర్ల (బెనిఫిట్లు, ఉద్యోగాల సాయం చూసే ప్రభుత్వ ఆఫీసులు) వారీగా ఒక్కో ప్రాంతంలో మొదలుపెట్టుకుంటూ 2018 డిసెంబర్‌కి అన్ని జాబ్‌సెంటర్లకీ చేర్చారు. మాలాంటివాళ్లకి ఇది పూర్తిగా మ్యాపు పని. ఏ ఎస్టేట్ ఏ జాబ్‌సెంటర్ కిందికి వస్తుంది, అక్కడ ఎప్పుడు మొదలవుతుంది, అక్కడ ఇంటర్నెట్ సరిగా వాడలేనివాళ్లు ఎవరున్నారు, ఇవి మూడూ ఒకే తెరమీద కనపడితే, ఆ తేదీకి ముందే ఆఫీసర్లు వెళ్లి బ్యాంకు ఖాతా ఉందా, ఈమెయిల్ ఉందా, అడ్వాన్స్ ఎలా అడగాలో తెలుసా అని చూసుకోవచ్చు. క్యూజీఐఎస్‌లో అట్లాస్ అనే సదుపాయం ఉంది. ఒక్క లేఔట్ తయారుచేసి పెడితే, ప్రతి ఆఫీసర్ పరిధికీ వేరువేరు మ్యాపు పేజీ దానంతటదే తయారుచేసి పీడీఎఫ్ ఇస్తుంది. ఆఫీసర్లలో చాలామంది ఫోన్లో లింకు కన్నా కాగితం మీద మ్యాపునే ఇష్టపడ్డారు, మడిచి జేబులో పెట్టుకుని, అయిపోయిన ఇంటిని పెన్నుతో కొట్టేసుకుంటూ పోయేవాళ్లు. అట్లాస్ ఒక్కటి చాలు నాకు ఈ సాఫ్ట్‌వేర్ మీద అభిమానం కలగడానికి.

ఇప్పుడు అందరి నోటా ఉన్నది ఆవాబ్స్ లా అనే చట్టం. ఆవాబ్ ఇషాక్ అనే రెండేళ్ల బాబు 2020 డిసెంబర్‌లో రాచ్‌డేల్‌లో చనిపోయాడు. హౌసింగ్ అసోసియేషన్ ఫ్లాట్‌లో గోడలకి పట్టిన బూజు వల్లే ఊపిరి సమస్య వచ్చిందని 2022 నవంబర్‌లో కరోనర్ (మరణాల మీద విచారణ జరిపే అధికారి) తేల్చారు. తండ్రి 2017లోనే బూజు గురించి చెప్తే పైన పెయింట్ వేసుకోమన్నారు. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. ఆ తర్వాత 2023లో వచ్చిన చట్టం కింద, 2025 అక్టోబర్ 27 నుంచి మొదటి దశ నిబంధనలు అమల్లోకి వచ్చాయి. ప్రాణం మీదికి వచ్చే ప్రమాదమైతే 24 గంటల్లో చూసి సరిచేయాలి. డ్యాంప్ (చెమ్మ), మౌల్డ్ (బూజు) తీవ్రంగా ఉందనిపిస్తే 10 పని దినాల్లోపు పరిశీలించాలి, పరిశీలన పూర్తయ్యాక 3 పని దినాల్లో టెనెంట్‌కి రాతపూర్వకంగా చెప్పాలి, ప్రమాదం ఉందని తేలితే 5 పని దినాల్లో ఇంటిని సురక్షితం చేయాలి.

గడువులు కంప్లైంట్ వచ్చాక మొదలవుతాయి. మ్యాపు వల్ల లాభం కంప్లైంట్ రాకముందే. మరమ్మతుల కాల్స్‌లో డ్యాంప్, మౌల్డ్, కండెన్సేషన్ అన్న మాటలున్నవన్నీ ఒక లేయర్ చేయండి. ఇల్లు కట్టిన కాలం, కట్టిన పద్ధతి ఇంకో లేయర్. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇసుక కలపకుండా పోసిన కాంక్రీటు గోడలతో ఇక్కడ చాలా ఇళ్లు కట్టారు, నో-ఫైన్స్ అంటారు, ఆ గోడలు చల్లగా ఉండి లోపల చెమ్మ పట్టడం అందరికీ తెలిసిన సమస్యే. ఎనర్జీ సర్టిఫికెట్ రేటింగ్ మూడో లేయర్. మూడూ కలిపి చూస్తే కాల్స్ ఎక్కడ గుంపులుగా ఉన్నాయో కనిపిస్తుంది, అది ఎలాగూ ఆఫీసర్లకి తెలిసే ఉంటుంది. మీరు చూడాల్సింది ఆ గుంపు మధ్యలో ఖాళీగా ఉన్న ఇళ్లని. అదే వరస, అదే గోడ, అదే ఏడాది కట్టిన ఇళ్లు, అటు ఇంట్లో బూజు, ఇటు ఇంట్లో బూజు, మధ్య ఇంటి నుంచి ఏళ్ల తరబడి ఒక్క కాల్ కూడా లేదు. ఆ ఇంట్లో అంతా బాగుందని ఎందుకనుకోవాలి? ఇంగ్లీషు రానివాళ్లు కావచ్చు, కంప్లైంట్ చేస్తే ఇల్లు ఖాళీ చేయమంటారని భయపడేవాళ్లు కావచ్చు, ఇంతకుముందు చెప్పి చెప్పి విసిగిపోయినవాళ్లు కావచ్చు. తలుపు తట్టాల్సింది ముందు అక్కడ. క్యూజీఐఎస్‌లో ఇది చేయడం కష్టం కాదు, కాల్స్ ఉన్న ఇళ్ల చుట్టూ బఫర్ (ఇంత దూరం అని ఒక హద్దు) గీసి, అందులో అదే పద్ధతిలో కట్టి కాల్ లేని ఇళ్లని సెలెక్ట్ చేయడమే. ఏ రిపోర్టులోనూ కనపడని ఇళ్లని చూపించినందుకు ఈ సాఫ్ట్‌వేర్‌కి నేను మార్కులిస్తున్నాను.

డ్యాంప్ విషయంలో టెనెంట్ల అలవాట్లని తప్పుపట్టడం మానండని టెనెంట్ల ఫిర్యాదులు తేల్చే హౌసింగ్ అంబుడ్స్‌మన్ 2021లోనే గట్టిగా చెప్పారు. అదే వరసలో ఇళ్లన్నిటిలోనూ బూజు ఉందని మ్యాపు చూపిస్తుంటే "బట్టలు ఇంట్లో ఆరేస్తున్నారు, కిటికీలు తెరవడం లేదు" అనే వాదన నిలబడదు.

సోషల్ ఇళ్లన్నీ 2030కల్లా ఎనర్జీ రేటింగ్‌లో 'సి' గ్రేడుకి చేరాలన్న లక్ష్యం ఇంకొకటి. గోడలకి బయటినుంచి ఇన్సులేషన్ వేయాలంటే టెర్రస్ వరస మొత్తం ఒకేసారి వేస్తే చవక, బాగుంటుంది. కానీ 1980 చట్టంతో వచ్చిన రైట్ టు బై కింద ఇంగ్లాండ్‌లో దాదాపు 20 లక్షల ఇళ్లు టెనెంట్లకి అమ్ముడుపోయాయి. మ్యాపు మీద మా ఇళ్లని ఒక రంగులో, అమ్మేసినవాటిని ఇంకో రంగులో పెడితే వీధి గళ్ల చీరలా కనిపిస్తుంది, ఒకటి మాది, రెండు వేరేవాళ్లవి, మళ్లీ ఒకటి మాది. ఏ వరసల్లో పని సజావుగా సాగుతుందో, ఎక్కడ పక్కింటి ఓనర్లతో ముందుగా మాట్లాడాలో కాంట్రాక్టర్‌ని పిలవకముందే తెలుస్తుంది.

ఇంత మెచ్చుకున్నాక ఒక హెచ్చరిక తప్పదు. అద్దె బాకీలు, బెనిఫిట్లు, వైకల్యం వివరాలు ఇంటి స్థాయిలో మ్యాపు మీద పెడితే అది మనుషుల మ్యాపు అయిపోతుంది. ఇంటింటి మ్యాపు ఆ పరిధి ఆఫీసర్ దాకానే వెళ్లాలి. బోర్డుకీ, కౌన్సిల్‌కీ, బయటివాళ్లకీ ఇచ్చేదానికి ఆరు మూలల గడులు గీసి, గడికి ఇన్ని అని చూపించండి, గడిలో మరీ తక్కువమంది ఉంటే అంకె దాచేయండి. ఆ గడులు గీసే టూల్ క్యూజీఐఎస్‌లోనే ఉంది. "ఈ ఎస్టేట్ బాకీల ఎస్టేట్" అని ఒక్కసారి ఎర్రరంగు పడితే ఆ పేరు పోవడానికి ఏళ్లు పడుతుంది, అక్కడ పెరిగే పిల్లల మీద కూడా పడుతుంది. రంగు ఎంచుకునేటప్పుడు కూడా ఆలోచించాలి అనడం అతి అనిపించొచ్చు, కాదు.

ఇప్పుడు ఆ అర మార్కు సంగతి. లేయర్లు ఎక్కువైతే అప్పుడప్పుడూ ఉన్నపళంగా మూసుకుపోతుంది, సేవ్ చేసుకుంటూ ఉండాలి. మ్యాపు డేటా దాచుకునే జియోప్యాకేజ్ ఫైళ్లని ఆఫీసు షేర్డ్ డ్రైవ్‌లో పెట్టి ఇద్దరు ఒకేసారి తెరిస్తే లాక్ అయిపోయి విసిగిస్తుంది, నలుగురు వాడే చోట పోస్ట్‌జీఐఎస్ డేటాబేస్ పెట్టుకోవడమే మంచిది. షేప్‌ఫైల్ అనే పాత రకం ఫైలు జోలికి వెళ్లకండి, కాలమ్ పేర్లని 10 అక్షరాలకి కోసేస్తుంది. తయారైన మ్యాపుని వెబ్‌లో అందరికీ చూపించడం డబ్బు కట్టి వాడే ఆర్క్‌జీఐఎస్ అనే పోటీ సాఫ్ట్‌వేర్‌లో చాలా సులువు, ఇక్కడ ప్లగిన్లో సర్వరో పెట్టుకుని తంటాలు పడాలి. ఆర్క్‌జీఐఎస్ మంచి సాఫ్ట్‌వేరే, ఫోన్ చేస్తే పలికే సపోర్ట్ ఉంది, డాష్‌బోర్డులు అందంగా వస్తాయి, కానీ మనిషికింత అని లైసెన్స్ కడుతుంటే మ్యాపు ఒకరిద్దరి చేతిలోనే ఉండిపోతుంది. రిపోర్టులు తయారుచేసే పవర్ బీఐలో మ్యాపు చూడటానికి బాగుంటుంది గానీ "ఈ ఇంటికి దగ్గర్లోని చిన్న ఫ్లాట్ ఎంత దూరం" లాంటి ప్రశ్నలు దాంతో అడగలేం. మొదటిసారి తెరిచినవాళ్లకి క్యూజీఐఎస్ తెర నిండా బటన్లు చూసి టెన్షన్ పుడుతుంది, అందులో ఎక్కువ భాగం మీకు ఎప్పటికీ అవసరం పడవు. దించుకునేటప్పుడు లాంగ్ టర్మ్ రిలీజ్ (నిలకడగా పనిచేసే వెర్షన్) అని ఉన్నదాన్నే ఎంచుకోండి. 2002లో గ్యారీ షెర్మన్ అనే ఒకాయన మొదలుపెట్టిన ప్రాజెక్టు ఇది, ఇప్పుడు ప్రపంచమంతటా వాలంటీర్లు, చిన్న కంపెనీలు కలిసి నడుపుతున్నారు, మీ సంస్థకి దీనివల్ల డబ్బు మిగిలితే అందులో కొంచెం వాళ్లకి విరాళంగా పంపమని మేనేజర్లని అడగండి.

ఇక్కడ డేటా కోర్సులు చేసి ఉద్యోగాలు వెతుక్కుంటున్న తమ్ముళ్లకి, చెల్లెళ్లకి ఒక మాట. అందరూ బ్యాంకులు, కన్సల్టెన్సీల చుట్టూ తిరుగుతున్నారు, హౌసింగ్ అసోసియేషన్ల వైపు కూడా చూడండి. వీసా స్పాన్సర్ చేసేవి ఏవో ప్రభుత్వ జాబితాలో చూసుకోండి. 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న కొత్త ప్రమాణాల ప్రకారం ప్రతి సోషల్ ల్యాండ్‌లార్డ్ దగ్గరా ప్రతి ఇంటి స్థితి గురించీ సరైన, తాజా సమాచారం ఉండాలి, ఆ పని చేసేవాళ్లు వాళ్లకి కావాలి. ఎస్‌క్యూఎల్, పైథాన్ మీకు ఎలాగూ వచ్చు, క్యూజీఐఎస్ రెండూ తీసుకుంటుంది. మన దగ్గర కూడా ఇది కొత్తేమీ కాదు, ప్రధానమంత్రి ఆవాస్ యోజన ఇళ్ల ఫొటోలని కట్టే దశల వారీగా ఇస్రో మ్యాపుల వెబ్‌సైట్ భువన్ మీద జియోట్యాగ్ చేస్తారు (ఎక్కడ తీసిందో గుర్తు పెడతారు), ఆ భువన్ నడిచేది హైదరాబాద్‌లోని ఇస్రో కేంద్రం ఎన్‌ఆర్‌ఎస్‌సీ నుంచే. తెలంగాణలో ఇందిరమ్మ ఇళ్లకి ఇచ్చే 5 లక్షల సాయం కూడా దశల వారీగా ఫొటోలు యాప్‌లో ఎక్కాకే విడుదలవుతుంది. అక్కడ మ్యాపు ఇల్లు కట్టేదాకా చూస్తోంది. కట్టాక ఆ ఇంట్లో ఉన్నవాళ్ల సంగతి కూడా దాని మీదికి రావాలని నా కోరిక.

ఆవాబ్స్ లా రెండో దశలో విపరీతమైన చలి, వేడి, జారిపడే ప్రమాదాలు, అగ్ని, కరెంటు ప్రమాదాలు లాంటివి 2026లో, మిగిలినవి చాలావరకు 2027లో చేరుస్తామని ప్రభుత్వం చెప్పింది. చలి లేయర్ చేయడానికి కావాల్సినవి సర్టిఫికెట్ రేటింగ్, హీటింగ్ రకం, బాయిలర్ మరమ్మతుల కాల్స్, ఇవన్నీ మీ దగ్గర ఇప్పటికే ఉండి ఉంటాయి. జారిపడే ప్రమాదాలకి ఏ అంతస్తు, లిఫ్ట్ ఉందా, మెట్లెన్ని అన్నవి కావాలి. మ్యాపు పైనుంచి చూస్తుంది కాబట్టి అంతస్తు దానికి కనపడదు, చాలా సంస్థల జాబితాల్లో అసలు ఆ కాలమే ఉండదు. ఈసారి ఇన్‌స్పెక్షన్‌కి వెళ్లే సర్వేయర్ ఫారంలో అంతస్తు నంబర్ అని ఒక గడి ఇప్పుడే చేర్పించండి.